రెండో ఓటు ఎవరికి?
ఓక్లాండ్ మేయర్ ఎన్నికల గురించి కొన్ని ఆలోచనలు

ఒక సీటుకి ఇద్దరు ఆడవాళ్ళు పోటీకి దిగారంటే మన దగ్గర ముందుగా వినిపించే మాట "ఎవరో ఒకరు తప్పుకోవచ్చు కదా" అని. ముగ్గురు మగవాళ్ళు ఒకే సీటు కోసం పోట్లాడుకుంటే అది రాజకీయం. ఇద్దరు ఆడవాళ్ళు నిలబడితే మాత్రం ఓట్లు చీల్చుకోవడం, ఒకరంటే ఒకరికి గిట్టకపోవడం, చివరికి "ఆడదానికి ఆడదే శత్రువు". ఈ పంచాయితీ చేసేది పార్టీ నాయకులే అనుకోనక్కరలేదు. మన సంఘాలూ చేస్తాయి. "అక్కా, ఈసారికి నువ్వు ఆగు, వచ్చేసారి నీకే" అని చెప్పి రావడానికి మనలోంచే ఎవరినో ఒకరిని పంపిస్తాం. అలా ఆగిన అక్కకి వచ్చేసారి రావడం అరుదు.

ఇదంతా ఆడవాళ్ళ మధ్య ఐక్యత లేకపోవడం వల్ల వచ్చే సమస్య అని చెప్పుకోవడం మనకి అలవాటైపోయింది. నా ఉద్దేశంలో ఇందులో పెద్ద భాగం ఓట్లు లెక్కపెట్టే పద్ధతిది. ఒక మనిషికి ఒకే ముద్ర, అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు అనే పద్ధతిలో దగ్గర దగ్గర ఆలోచనలున్న ఇద్దరు నిలబడితే ఇద్దరూ మునుగుతారు. ఆ భయం ఊహ కాదు, లెక్క. కాబట్టి తప్పుకోమని అడగడం కూడా లెక్క ప్రకారం సబబే అవుతుంది. తప్పుకోవలసింది ఎప్పుడూ డబ్బూ, కులబలం, వెనక మగవాళ్ళ అండా లేని మనిషే ఎందుకవుతుందన్నది వేరే సంగతి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లాండ్ నగరం ఈ లెక్కపెట్టే పద్ధతిని మార్చుకుంది. మారిన పద్ధతిలో మొదటి మేయర్ ఎన్నిక 2010 నవంబరులో జరిగింది. అంతకుముందు ఆ నగరానికి ఒక్క మహిళా మేయర్ కూడా లేదు. 2010, 2014, 2018, 2022 సంవత్సరాలలోనూ, 2025 ఏప్రిల్‌లో జరిగిన ప్రత్యేక ఎన్నికలోనూ ప్రజలు మేయర్‌గా ఎన్నుకున్నది స్త్రీలనే. ఈ వరస చూసి పద్ధతి మారగానే స్త్రీలకి తలుపులు తెరుచుకున్నాయని చెప్పేయడం తేలిక. అలా చెప్పడం లేదు. ఐదు ఎన్నికలతో అంత పెద్ద మాట తేల్చలేం. కాని పద్ధతి మారడం వల్ల ఆడవాళ్ళకి ఏం ఒరిగింది, ఏం ఒరగలేదు అన్నది మాత్రం మనం కూచుని చర్చించుకోదగ్గ విషయం.

ముందు ఆ ఊరి గురించి. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎదురుగా, అఖాతానికి ఇవతలి ఒడ్డున ఉన్న రేవుపట్టణం ఓక్లాండ్. జనాభా నాలుగు లక్షల చిల్లర. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓడల కార్ఖానాల్లో పనికోసం దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు వేలాదిగా ఇక్కడికి వచ్చాయి. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది ఇక్కడే. 1980లో నగరంలో దాదాపు సగం మంది నల్లవారు. ఇళ్ళ అద్దెలు పెరిగి, ఉద్యోగాలు పోయి, 2020 నాటికి వాళ్ళు నాలుగోవంతు కన్నా తక్కువయ్యారు. చైనీయులు, లాటిన్ అమెరికన్లు, వియత్నాం యుద్ధం తరవాత వచ్చిన ఆగ్నేయాసియా శరణార్థులు, కొండల మీద ఇళ్ళున్న సంపన్న తెల్లవాళ్ళు, అందరూ ఒకే నగరంలో ఉంటారు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ కూడా ఇదే అలమేడా కౌంటీలో ఉంది. అయితే అక్కడ ఈ ఓటు పద్ధతి లేదు, అందుకని మనవాళ్ళలో దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ.

ఓక్లాండ్ మేయర్ ఎన్నిక పార్టీరహితం. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. పాతపద్ధతిలో జూన్‌లో ఒక ఎన్నిక, అందులో ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరి మధ్య నవంబరులో మళ్ళీ ఎన్నిక. జూన్‌లో ఓటు వెయ్యడానికి వచ్చేది తక్కువమంది. రెండుసార్లు ప్రచారం అంటే రెండుసార్లు ఖర్చు. 2006లో 'మెజర్ ఓ' అనే ప్రతిపాదన మీద నగర ఓటర్లు దాదాపు 70 శాతం మద్దతుతో ఈ రెండు ఎన్నికలనీ కలిపి ఒకటి చేశారు. నవంబరులో ఒకేసారి ఓటు, అందులోనే ప్రాధాన్యతలు. దీన్ని అక్కడ 'ర్యాంక్డ్ ఛాయిస్ ఓటింగ్' అంటారు.

మనకి ఇది కొత్త పద్ధతేమీ కాదు. పట్టభద్రుల, ఉపాధ్యాయుల శాసనమండలి ఎన్నికల్లో ఓటు వేసినవాళ్ళకి తెలుసు. నచ్చిన అభ్యర్థికి 1, తరవాత నచ్చినవాళ్ళకి 2, ఆ తరవాత 3. మొదటి ప్రాధాన్యత ఓట్లలో సగానికి మించి ఎవరికీ రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళని తీసేసి, వాళ్ళ ఓట్లని వాటి మీదున్న తరవాతి ప్రాధాన్యత ప్రకారం మిగిలినవాళ్ళకి పంచుతారు. ఎవరో ఒకరికి సగం దాటేదాకా ఇలా ఒక్కొక్కరినే తీసేస్తూ పోతారు. 2021 మార్చిలో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల స్థానంలో 93 మంది పోటీ చేస్తే, రోజుల తరబడి సాగిన లెక్కింపులో సురభి వాణీదేవి గెలిచింది ఇలా రెండో ప్రాధాన్యత ఓట్లు కలిసిన తరవాతే. రాష్ట్రపతి ఎన్నికకీ ఇదే సూత్రం. అంటే చదువుకున్నవాళ్ళూ, చట్టసభల సభ్యులూ వేసే ఓటుకి మన రాజ్యం ఈ వెసులుబాటు ఇచ్చింది, మామూలు జనం వేసే ఓటుకి ఇవ్వలేదు. ఇది ఎందుకో ఎప్పుడైనా తీరిగ్గా ఆలోచించాలి.

ఇక 2010 ఎన్నిక. మొత్తం పదిమంది అభ్యర్థులు. అందరికన్నా బలమైనవాడు డాన్ పెరాటా. రాష్ట్ర సెనేట్‌కి నాయకత్వం వహించినవాడు, డబ్బులోనూ పరిచయాల్లోనూ అతనిదే పైచేయి. అతనికి ఎదురుగా ఇద్దరు స్త్రీలు. ఒకరు జీన్ క్వాన్. చైనీయ వలస కుటుంబం నుంచి వచ్చిన మనిషి. 1969లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో తెల్లవారు కానివాళ్ళ చరిత్రలూ సంస్కృతులూ పాఠ్యాంశాలు కావాలని జరిగిన విద్యార్థి సమ్మెలో పాల్గొంది. తరవాత స్కూలు బోర్డు సభ్యురాలు, నగర కౌన్సిల్ సభ్యురాలు. ఇంకొకరు రెబెకా కప్లన్. ఆమె కూడా కౌన్సిల్ సభ్యురాలే, లెస్బియన్‌నని బాహాటంగా చెప్పుకుని రాజకీయాల్లోకి వచ్చింది.

పాతపద్ధతిలో అయితే మొదటిరోజు నుంచే వీళ్ళిద్దరిలో ఎవరు తప్పుకోవాలన్న పంచాయితీ మొదలయ్యేది. కొత్తపద్ధతిలో ఎవరూ తప్పుకోలేదు. క్వాన్ ఇల్లిల్లూ తిరిగి "నాకు మొదటి ఓటు వెయ్యండి" అంది. వెయ్యనన్నవాళ్ళ గుమ్మం దగ్గర నుంచి ఊరికే వెనుదిరగలేదు, "అయితే రెండోది నాకు వెయ్యండి" అంది. తనకి వేసేవాళ్ళకి రెండోది కప్లన్‌కి వెయ్యమని చెప్పింది. ఎదుటి అభ్యర్థి మద్దతుదారులతో కూడా మర్యాదగా మాట్లాడవలసిన అవసరం ఈ పద్ధతిలోనే ఉంది. ఇది ఆమె మంచితనమని చెప్పడం లేదు. లెక్కే ఆమె చేత అలా మాట్లాడించింది. ఎన్నికల్లో నిలబడిన ఆడవాళ్ళ మీద ఏయే మాటలు పడతాయో తెలిసిన మనకి ఈ తేడా చిన్నది కాదు.

మొదటి లెక్కలో పెరాటాకి సుమారు 34 శాతం, క్వాన్‌కి 24, కప్లన్‌కి 22 వచ్చాయి. మన పద్ధతిలో అయితే అక్కడితో కథ ముగిసేది. పదిశాతం ఆధిక్యతతో ఘనవిజయం అని పత్రికలు రాసేవి. అక్కడ మాత్రం ఒక్కొక్కరినే తీసేసుకుంటూ వచ్చి, ముగ్గురు మిగిలేసరికి పెరాటా 40, క్వాన్ 31, కప్లన్ 29 శాతం దగ్గర నిలిచారు. కప్లన్‌ని తీసేసి ఆమె ఓట్లు పంచితే 18 వేలకు పైగా క్వాన్‌కి, 6 వేలకు పైగా పెరాటాకి వెళ్ళాయి. చివరి లెక్కలో క్వాన్‌కి 51 శాతం, పెరాటాకి 49 శాతం. తేడా రెండువేల ఓట్ల పైచిలుకు. అలా ఓక్లాండ్‌కి మొదటి మహిళా మేయర్ వచ్చింది. అమెరికాలో ఒక పెద్ద నగరానికి మేయర్ అయిన మొదటి ఆసియా సంతతి స్త్రీ కూడా ఆమే.

గెలిచిందో లేదో, "ఇదేం గెలుపు?" అన్నారు. మొదటి స్థానంలో ఉన్నవాడు ఓడిపోవడమేమిటి, రెండో ఓట్లతో మేయర్ అవడమేమిటి, ఇది దొడ్డిదారి అన్నారు. 2022లో ఇదే నగరంలో షెంగ్ థావ్ గెలిచినప్పుడూ మళ్ళీ అదే మాట వచ్చింది. ఆమె కూడా మొదటి లెక్కలో వెనకబడి, చివరి లెక్కలో లోరెన్ టేలర్ మీద 677 ఓట్ల తేడాతో గెలిచింది.

ఈ దొడ్డిదారి అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. మనకి ఇది బాగా పరిచయమైన మాట. రిజర్వేషన్ సీట్లో గెలిచిన సర్పంచ్‌ని "కోటా సర్పంచ్" అంటారు. భర్త పోయాక నిలబడి గెలిచిన ఆమెని "సానుభూతి ఓట్లు" అంటారు. ఓడిపోతే చేతకాలేదంటారు, గెలిస్తే ఎలా గెలిచిందో విచారణ మొదలుపెడతారు. మగవాడి గెలుపుకి ఇలాంటి విచారణ ఉండదు. 2014లో మన దేశంలో 31 శాతం ఓట్లతో ఒక పార్టీకి లోక్‌సభలో 282 సీట్లు వచ్చాయి. నూటికి 69 మంది వెయ్యలేదు కదా, ఇది దొడ్డిదారి కాదా అని ఎంతమంది అడిగారు? అడిగినవాళ్ళు లేకపోలేదు గాని, ఆ గెలుపు చెల్లదని ఎవరూ అనలేదు. ఓక్లాండ్‌లో 34 శాతం మొదటి ఓట్లు వచ్చినవాడిని "నిజానికి గెలిచినవాడు" అనుకున్నవాళ్ళు, మిగిలిన 66 మంది అతన్ని ఏ స్థానంలో పెట్టారో చూడదలుచుకోలేదు. ఆ 66 మందీ ఏమనుకుంటున్నారో అడిగి చూసే పద్ధతి ఇది. అడిగితే జవాబు వేరుగా వచ్చింది.

అలాగని ఈ పద్ధతి మీద వచ్చే విమర్శలన్నీ పితృస్వామ్యపు గొణుగుడే అని కొట్టిపారేయకూడదు. కొన్నిటిలో బలముంది. మొదటిది, ఆ 51 శాతం దేనిలో 51 శాతం? 2010లో ఓక్లాండ్ ఓటరు మూడు ప్రాధాన్యతలే ఇవ్వగలడు. అభ్యర్థులు పదిమంది. మీరు రాసిన ముగ్గురూ ఎలిమినేట్ అయిపోతే మీ ఓటు చివరి లెక్కలో ఉండదు, మురిగిపోతుంది. ఒక్కరికే ఓటేసి ఊరుకున్నవాళ్ళదీ అంతే. ఆ ఎన్నికలో చెల్లిన ఓట్లలో పదింట ఒకటికి పైగా ఇలా మురిగిపోయాయి. కప్లన్ ఓట్లు పంచినప్పుడే ఏడువేలకు పైగా ఎవరికీ చేరలేదు. మొత్తం వేసిన ఓట్లలో చూసుకుంటే క్వాన్‌ది 45 శాతం. 2022 నాటికి ఐదు ప్రాధాన్యతల దాకా ఇచ్చే వీలు కల్పించారు, అయినా సమస్య పూర్తిగా పోలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ మురిగిపోయే ఓట్లు ఎవరివన్నదే. రెండు మూడు ప్రాధాన్యతలు ఆలోచించి రాయాలంటే అభ్యర్థుల గురించి తెలిసి ఉండాలి, చదివే తీరిక ఉండాలి, అర్థమయ్యే భాషలో ఎవరైనా చెప్పాలి. రెండు షిఫ్టులు పనిచేసే ఇంటిపనివాళ్ళకి, ఇంగ్లీషు రాని అవ్వలకి ఆ తీరికేది? అలమేడా కౌంటీలో చైనీస్, స్పానిష్, వియత్నామీస్, టాగలాగ్ భాషల్లోనూ ఎన్నికల సామగ్రి ఇస్తారు. అది అవసరమే గాని చాలదు. మన దగ్గర సంగతి చూడండి. మండలి ఎన్నికల్లో ఓటేసేది డిగ్రీలున్నవాళ్ళు. అయినా ప్రతిసారీ వేల ఓట్లు చెల్లకుండా పోతాయి. అంకె వెయ్యవలసిన చోట టిక్కు పెట్టేవాళ్ళు, ఇద్దరికీ 1 వేసేవాళ్ళు, కింద సంతకం పెట్టేవాళ్ళు. డిగ్రీ ఉన్నవాళ్ళ గతే ఇలా ఉంటే, వివరించి చెప్పేవాళ్ళు లేకుండా ఈ పద్ధతిని బస్తీలోకి తీసుకురావడం అన్యాయం. రూలు మార్చడం ఒకరోజు పని. ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి "రెండోది రాస్తే మీ మొదటి ఓటుకి నష్టం లేదు, మొదటి మనిషి పోటీలో ఉన్నంతసేపూ రెండోదాన్ని లెక్కలోకే తీసుకోరు" అని ఓపిగ్గా చెప్పడం ఏళ్ళ తరబడి పని. ఆ పని ఎక్కడైనా చేసేది ఆడవాళ్ళే.

లెక్కింపులో పొరపాటు జరిగితే పట్టుకోవడం కూడా కష్టం. 2022 నవంబరులో ఓక్లాండ్ స్కూలు బోర్డు నాలుగో డివిజన్ ఎన్నికలో కౌంటీ అధికారులు తప్పు అభ్యర్థిని గెలిచినట్టు ప్రకటించారు. మొదటి ప్రాధాన్యత ఖాళీగా వదిలేసి రెండో దగ్గర రాసిన ఓట్లని ఎలా లెక్కపెట్టాలో కంప్యూటర్లో తప్పుగా అమర్చడం వల్ల అలా జరిగింది. ఆ ఏడాది చివర ఈ పద్ధతిని సమర్థించే ఒక సంస్థే, బహిరంగంగా పెట్టిన ఓటు రికార్డులని విడిగా లెక్కపెట్టి తప్పు బయటపెట్టింది. 2023 మార్చిలో కోర్టు ఫలితాన్ని సరిచేసింది. రికార్డులు జనం ముందు పెట్టబట్టి తప్పు దొరికింది. పెట్టకపోతే?

ఇక 'పార్టీరహితం' అనే మాట. పార్టీ టిక్కెట్టు అనే గేటు లేకపోవడం స్త్రీలకి మేలే. మన దగ్గర ఆ గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళని లెక్కపెట్టలేం. ఓక్లాండ్‌లో క్వాన్, కప్లన్ ఇద్దరూ ఎవరి టిక్కెట్టూ అడగకుండానే నిలబడగలిగారు. కాని పార్టీ బొమ్మ తీసేస్తే అధికారం మాయమైపోదు. సంఘాల మద్దతు, పోలీసు యూనియన్ మద్దతు, ఇళ్ళు కట్టే వ్యాపారుల డబ్బు, పార్టీ స్థానంలో ఇవన్నీ వచ్చి కూచుంటాయి. మన పంచాయతీ ఎన్నికలు కాగితం మీద పార్టీరహితమే. ఏ ఊళ్ళో ఏ అభ్యర్థి ఎవరి మనిషో తెలియనివాళ్ళు ఉంటారా? పైగా మన దగ్గర ఏకగ్రీవం అనే ఇంకో పద్ధతి ఉంది. ఊరి పెద్దలు కూచుని పేరు ఖాయం చేస్తారు, కొన్నిచోట్ల పదవిని వేలమే వేస్తారు, ప్రభుత్వాలు దానికి నజరానాలు ప్రకటిస్తాయి. ఓటే లేనిచోట రెండో ఓటు గురించి ఏం మాట్లాడతాం! ఓక్లాండ్ ఓటర్లు డబ్బు సమస్యకి కూడా ఒక మందు రాసుకున్నారు. 2022లో 'మెజర్ డబ్ల్యూ' కింద ఒక్కొక్కరికీ 25 డాలర్ల కూపన్లు నాలుగు ఇచ్చి, నచ్చిన అభ్యర్థికి వాటిని విరాళంగా ఇచ్చే పథకాన్ని ఆమోదించారు. నగరం దగ్గర డబ్బు లేదని 2024లో అమలు వాయిదా పడింది. మందు సీసా అల్మారాలో ఉండిపోయింది.

"ఆడవాళ్ళకి ఆడవాళ్ళు రెండో ఓటు" అని సూత్రం చేసుకుందామా అంటే అదీ తేలిగ్గా కుదరదు. అఖాతానికి అవతలి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కోలో 2018 జూన్‌లో మేయర్ ఎన్నిక జరిగింది. అక్కడా ఇదే పద్ధతి. కొరియా సంతతికి చెందిన జేన్ కిమ్, స్వలింగ సంపర్కుడైన తెల్లజాతి నాయకుడు మార్క్ లీనో ఒకరికొకరు రెండో ఓటు అడుక్కున్నారు. ఎవరి మీద? ప్రభుత్వ గృహసముదాయంలో అమ్మమ్మ దగ్గర పెరిగిన నల్లజాతి స్త్రీ లండన్ బ్రీడ్ మీద. విధానాల పరంగా చూస్తే కిమ్, లీనో అద్దెదారుల పక్షాన ఎక్కువ మాట్లాడినవాళ్ళే. ఆ ఎన్నికలో మనం ఎవరికి 1 వేసేవాళ్ళం, ఎవరికి 2? బ్రీడ్ ఒక శాతం తేడాతో గెలిచింది. ఆరేళ్ళ తరవాత, 2024 నవంబరులో అదే పద్ధతిలో, సొంత డబ్బు లక్షల డాలర్లు గుమ్మరించిన లీవై స్ట్రాస్ కుటుంబ వారసుడు డేనియల్ లూరీ చేతిలో ఓడిపోయింది. రెండో ప్రాధాన్యత స్త్రీల పక్షమూ కాదు, పేదల పక్షమూ కాదు. పొత్తు పెట్టుకోగలిగినవాళ్ళ పక్షం.

ఓక్లాండ్‌లో 2022 ఎన్నికా ఇలాంటి చిక్కే. షెంగ్ థావ్ తల్లిదండ్రులు లావోస్ నుంచి వచ్చిన మాంగ్ శరణార్థులు. గృహహింస నుంచి బయటపడి, పసిబిడ్డతో కారులో తలదాచుకున్న రోజులు తనకున్నాయని ప్రచారంలో ఆమే చెప్పింది. ఎదుటివాడు లోరెన్ టేలర్, ఆ ఊళ్ళోనే పెరిగిన నల్లజాతి ఇంజనీరు. కార్మిక సంఘాలు ఆమెకి, వ్యాపారవర్గాలు ఎక్కువగా అతనికి దన్నుగా నిలిచాయి. ఆమె గెలుపు స్త్రీల గెలుపా, శరణార్థుల గెలుపా, లేక తమ ఊళ్ళోనే తగ్గిపోతున్న నల్లవారికి ఇంకో ఓటమా? కులం, జెండర్ కలిసిన చోట మనం ఎదుర్కొనే ప్రశ్నే ఇది. దళిత పురుషుడు, అగ్రవర్ణ స్త్రీ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు మన సంఘాల్లో జరిగే వాదనలు గుర్తు తెచ్చుకోండి. ప్రాధాన్యత ఓటు ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. రెండు పేర్లూ ఒకే కాగితం మీద రాసే వీలిస్తుంది, అంతే. ఆ పాటి వీలైనా మన ముద్ర పద్ధతిలో లేదు.

అన్నిటికన్నా చేదైన విషయం చివరికి వచ్చింది. ఓటు పద్ధతి గెలిపించినవాళ్ళని ఇంకో పద్ధతి దించగలదు. కాలిఫోర్నియాలో రీకాల్ ఉంది. కొంతమంది సంతకాలు పోగుచేస్తే ఎన్నికైనవాళ్ళని మధ్యలోనే తొలగించాలా వద్దా అని ఓటు పెట్టాలి. ఆ బ్యాలెట్ మీద 1, 2, 3లు ఉండవు. అవును, కాదు, రెండే. జీన్ క్వాన్ గెలిచిన ఏడాదిలోపే 'ఆక్యుపై' ఉద్యమం వచ్చింది. 2011 అక్టోబరులో నగర కార్యాలయం ముందున్న శిబిరాన్ని పోలీసులు బాష్పవాయువుతో ఖాళీ చేయించారు. ఉద్యమకారులు ఆమెని ద్రోహి అన్నారు, వ్యాపారులు మెతకమనిషి అన్నారు. రీకాల్ ప్రయత్నాలు మొదలయ్యాయి గాని ఓటు దాకా రాలేదు. 2014లో ఆమె మామూలు ఎన్నికలోనే లిబీ షాఫ్ చేతిలో ఓడిపోయింది. ఒక మహిళా మేయర్‌ని ఇంకో స్త్రీ ఓడించింది. అప్పుడు ఎవరూ ఎవరినీ తప్పుకోమనలేదు, "ఆడదానికి ఆడదే శత్రువు" అననూలేదు. మామూలు రాజకీయంలా ఓడిపోవడం కూడా ఒక హక్కే.

షెంగ్ థావ్ విషయంలో రీకాల్ ఓటు దాకా వచ్చింది. 2024 నవంబరు 5న సుమారు 60 శాతం మంది తొలగించమన్నారు. అదే రోజు అదే బ్యాలెట్ మీద అలమేడా కౌంటీ జిల్లా అటార్నీ, ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి మనిషి పమేలా ప్రైస్‌ని కూడా తొలగించారు. మేయర్ రీకాల్‌కి డబ్బులో పెద్ద భాగం ఇచ్చినది ఒక హెడ్జ్ ఫండ్ మేనేజరు. అతని ఇల్లు ఓక్లాండ్‌లో లేదు, ఆ నగరం మధ్యలో ద్వీపంలా విడిగా ఉండే సంపన్న పట్టణం పీడ్‌మాంట్‌లో ఉంది. అంటే ఆ మేయర్‌ని దించాలా వద్దా అన్నదాని మీద అతనికి ఓటు లేదు, డబ్బు మాత్రం ఉంది.

థావ్ ఆడమనిషి కాబట్టి వెనకేసుకు రావాలని నా ఉద్దేశం కాదు. 2024 జూన్‌లో ఎఫ్‌బీఐ ఆమె ఇల్లు సోదా చేసింది, 2025 జనవరిలో లంచాల ఆరోపణలతో ఫెడరల్ కేసు పెట్టారు, తాను నిర్దోషినని ఆమె కోర్టులో చెప్పింది. నేరాల సంగతీ, పోలీసు అధికారి తొలగింపు సంగతీ, నగర ఖజానా ఖాళీ అవడమూ, జనం కోపానికి ఇలా కారణాలు చాలా ఉన్నాయి. నా అభ్యంతరం పద్ధతి మీద. గెలవడానికి సగం మందిని కూడగట్టుకోవాలి, ఎదుటివాళ్ళని కూడా మెప్పించాలి. దించడానికి మాత్రం ప్రత్యామ్నాయం ఎవరో చెప్పకుండా కోపాన్ని పోగుచేస్తే చాలు. కోపం పోగుచేయడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు భరించగలవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మన దగ్గర ఎంపీపీల మీద, మున్సిపల్ చైర్‌పర్సన్ల మీద అవిశ్వాస తీర్మానాలు ఎలా నడుస్తాయో, రాత్రికి రాత్రి సభ్యులు ఏ రిసార్టులకి వెళతారో చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

2025 ఏప్రిల్ 15న ఖాళీ అయిన స్థానానికి మళ్ళీ ప్రాధాన్యత ఓటుతోనే ఎన్నిక జరిగింది. గెలిచింది బార్బరా లీ. 1998 నుంచి 2025 జనవరి దాకా అమెరికా పార్లమెంటు సభ్యురాలు. 2001 సెప్టెంబరులో యుద్ధానికి అధికారం ఇస్తూ చేసిన తీర్మానానికి వ్యతిరేకంగా ఉభయసభల్లో కలిపి ఓటేసిన ఒకే ఒక్క మనిషి. ఈసారీ ఓడినవాడు లోరెన్ టేలరే.

మన నగరాల మేయర్లని మనం ఎన్నుకోం. 2002లో హైదరాబాద్ మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకున్నారు, తరవాత ఆ పద్ధతి పోయింది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కి మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ స్త్రీలే వచ్చారు. సంతోషించవలసిందే. కాని వాళ్ళ పేర్లు ఖాయం చేసింది వీధుల్లోని ఓటర్లు కాదు, పార్టీ అధిష్ఠానం. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పటి నుంచి మన పోరాటమంతా ఎన్ని సీట్లు అన్నదాని చుట్టూ తిరిగింది. మూడోవంతు అన్నాం, సగం అన్నాం, ఇప్పుడు చట్టసభల్లో మూడోవంతు ఎప్పటినుంచి అని అడుగుతున్నాం. అడగాలి. కాని రిజర్వు అయిన సీట్లో ఏం జరుగుతోందో చూడండి. ఊళ్ళో రెండు ముఠాల మగవాళ్ళు తమ తమ ఇంటి ఆడవాళ్ళని ఎదురెదురుగా నిలబెడతారు. సొంతంగా నిలబడాలనుకున్న మూడో మనిషికి, మన సంఘంలో పదేళ్ళు పనిచేసిన మనిషికి, అందరూ చెప్పేది ఒకటే: "నీకు వేస్తే ఓటు దండగ." ఆమెకి 1 వేసి, ముఠా అభ్యర్థుల్లో కాస్త నయమైన మనిషికి 2 వేసే వీలుంటే ఆ "దండగ" అన్న మాటకి చోటుండదు. పార్టీ గుర్తులు లేని సర్పంచ్ ఎన్నికల్లోనే ఈ మార్పు అడగడానికి ఎక్కువ ఆస్కారం ఉందని నేననుకుంటున్నాను. చదువురాని ఓటర్లున్న చోట అంకెలెలా అన్న ప్రశ్నకి ముందు జవాబు వెతకాలి. రంగు చీటీలా, గుర్తుల పక్కన గడులా, ప్రయోగం చేసి చూస్తే గాని తెలియదు.

ఆ ప్రయోగానికి ఎన్నికల సంఘం అనుమతి అక్కరలేదు. మండల సమాఖ్యలకి, యూనియన్లకి, మన మహిళా సంఘాలకి అధ్యక్షురాలినీ కార్యదర్శినీ ఎన్నుకుంటూనే ఉన్నాం. చాలాచోట్ల చేతులెత్తించి, లేదా ముందురోజు మాట్లాడుకుని పేరు ప్రకటించి. ఈసారి ముగ్గురో నలుగురో నిలబడితే ఎవరినీ తప్పుకోమనకండి. అభ్యర్థికొక రంగు ఇచ్చి, అందరికీ అన్ని రంగుల చీటీలూ పంచి, ఎక్కువ నచ్చిన రంగు పైన పెట్టి దొంతరగా పిన్ను కొట్టమనండి. సభ మధ్యలో చాప వేసి, పై రంగుని బట్టి కుప్పలు పెట్టండి. తక్కువ వచ్చిన కుప్పని తీసి, పై చీటీ చింపి, కింది రంగు ప్రకారం పంచండి. యాభైమంది సభ్యులుంటే అరగంట పని. ఎవరి చీటీ ఎటు వెళ్ళిందో అందరి కళ్ళముందే కనిపిస్తుంది, ఎన్ని మురిగిపోయాయో కూడా. ఆ లెక్కలు, మీ దగ్గర వచ్చిన గొడవలు రాసి ఈ పత్రికకి పంపండి.